అయస్కాంతం జారిన చోట

పోయిన వారం జయకుమారిని చర్చి మెట్ల దగ్గర వదిలి వచ్చాం. ఆమె చేతిలో తండ్రి ఎడమకాలి చెప్పు ఉంది. తండ్రి జీవరత్నం మాత్రం ఒంటి చెప్పుతో ఆటో దాకా నడిచి వెళ్లి, వెనక్కి తిరిగి, "ఏందమ్మా, అక్కడే నిలబడిపోయావు?" అని నవ్వుతున్నాడు. చెప్పు జారిందని ఆయనకు తెలీదు. కాలి కింద కంకర గుచ్చుకుంటోందనీ తెలీదు. జయకుమారి నోయిడాలో ఒక పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. చెప్పు జారినా తెలియని షుగరు రోగులను వార్డులో ఎంతోమందిని చూసింది. మొద్దుబారడం పాదాలతో మొదలవుతుంది, ఆ తర్వాత చేతుల్లోకి వస్తుంది. వార్డులో ఇంకొకరి తండ్రికి ఈ సంగతి చెప్పాలంటే ఆమెకు రెండు నిమిషాల పని. సొంత తండ్రికి చెప్పడానికి ఆదివారం అంతా చాల్లేదు.

సోమవారం సెలవు పెట్టి, ఢిల్లీ మాయాపురిలో తండ్రి షెడ్డుకు బయల్దేరింది. మెట్రోలో కూచున్నంతసేపూ మాటలు పేర్చుకుంది. 'డాడీ, ఊరికే ఒక చెకప్' అనాలి. 'చేతులు' అనే మాట మాత్రం ఎత్తకూడదు. ఎందుకంటే జీవరత్నానికి ఉన్న ఆస్తి, చదువు, పరువు అన్నీ ఆ రెండు చేతుల్లోనే ఉన్నాయి.

ఆయన పని డెంటింగు. ఆ మాట వినగానే సొట్టలు తీసేవాడనుకుంటారు గానీ, జీవరత్నం పని అంత చిన్నది కాదు. అర్ధశతాబ్దం నాటి కార్లు తుప్పు పట్టి, జల్లెడై, ఆయన దగ్గరికి వస్తాయి. పుచ్చిన రేకు కోసేసి, కొత్త రేకును ఇసక బస్తా మీద పెట్టి సుత్తితో కొట్టి కొట్టి పాతదాని వంపు తెప్పిస్తాడు. కొడుకు యేసుకుమార్ దాన్ని బండికి వెల్డింగ్ చేస్తాడు. తర్వాత జీవరత్నం ఒక చేత్తో రేకు వెనక ఇనప దిమ్మె ఆనించి, రెండో చేత్తో ముందు నుంచి సుత్తి ఆడించి, అతుకు ఎక్కడుందో అతికినవాడికే తెలియకుండా చేస్తాడు. సాపు అయిందో లేదో కళ్లతో చూడడు. కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతాడు. కళ్లు మోసం చేస్తాయిగానీ చెయ్యి చెయ్యదని ఆయన నమ్మకం. బాపట్ల నుంచి కుర్రతనంలో వచ్చి, ఒక సర్దార్జీ దగ్గర పని నేర్చుకున్న నాటి నుంచీ ఆ నమ్మకంతోనే బతికాడు.

పాత కార్ల మీద మోజున్న ఢిల్లీ జనానికి ఆయన పేరు తెలుసు. ఆ పేరుకు కారణం ఒక్కటే, ఆయన పుట్టీ ముట్టడు. మిగతావాళ్లు రేకు ఎగుడుదిగుడుగా ఉన్నచోట మందంగా పుట్టీ పూసి, గీకి, పైన రంగు కొట్టేస్తారు. రెండు వానాకాలాలు గడిస్తే అది బీటలు వారి ఊడిపోతుంది. "పుట్టీ పెట్టేవాడు డెంటరు కాదు, మేకప్ మేన్" అంటాడు జీవరత్నం.

అనడమే కాదు, ఆయనకొక ఆచారం ఉంది. బండికి రంగు వెయ్యకముందు యజమానిని పిలిపించి, చేతికి ఒక అయస్కాంతం ఇస్తాడు. పాత లౌడ్ స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం అది. గీతలు పడకుండా దానికి పసుపు ఫ్లానెల్ గుడ్డ కుట్టించాడు. "మీ ఇష్టమొచ్చిన చోట పెట్టి చూసుకోండి. ఇది ఎక్కడ జారితే అక్కడ నా మాట జారినట్టే" అంటాడు. ఇనుముంటే పట్టుకుంటుంది. మందంగా పుట్టీ ఉంటే పట్టు దొరక్క కింద పడుతుంది. ఈ తతంగం ఆయనకు పెళ్లి ప్రమాణాలంత ముఖ్యం.

షెడ్డు గోడ మీద ఒక ఫొటో ఉంది. జనార్దనరావు గారనే పెద్దమనిషి తెల్ల అంబాసిడరు పక్కన జీవరత్నం కప్పు పట్టుకుని నిలబడ్డ ఫొటో. పోయిన చలికాలంలో పాత కార్ల ర్యాలీలో వచ్చిన కప్పు. షెడ్డుకు టీ తెచ్చేవాడికి కూడా ఆ ఫొటో కథ కంఠతా వచ్చు. "ఆ బండికి చేసిన పని మళ్లీ చెయ్యమంటే నా చేతులకే రాదు" అని జీవరత్నం మురిసిపోతూ చెబుతాడు.

జయకుమారి వచ్చేసరికి షెడ్డులో వెతుకులాట సాగుతోంది.

"ఒరేయ్ యేసూ, అయస్కాంతం ఏడ పెట్టావురా? రోజూ ఈ మేకుకే గదా తగిలించేది!" జీవరత్నం సొరుగులన్నీ లాగి నేల మీద పరిచాడు.

"నాకేం తెలుసు డాడీ. కల్ తక్ తో యహీఁ థా." యేసుకుమార్ గ్యాసు పైపు చుట్టలు చుడుతూ తలెత్తకుండా చెప్పాడు. ఢిల్లీలో పుట్టిన పిల్లలు. తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబొస్తుంది. అది విని విని జీవరత్నానికి అలవాటైపోయింది.

"నిన్నటిదాకా ఉంటే ఇవాళేమైంది, కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"ఈసారికి ఛోడ్ దో డాడీ. ఫియటు మేడమ్ అడగలేదు గదా."

"ఆవిడ అడిగితే చూపించేదానికి మాట అని పేరెందుకురా? అడక్కపోయినా చూపిస్తేనే మాట." అంటూ తలెత్తి కూతుర్ని చూశాడు. మొహం విప్పారింది. "ఏందమ్మా, డ్యూటీ లేదా ఇవాళ?"

"సెలవు పెట్టాను డాడీ. మీతో పనుంది."

"ఉండు, ముందు మేడమ్ గారి పని కానీ. అయస్కాంతం కనపడట్లేదు."

జయకుమారి దగ్గరికి వెళ్లి తండ్రి ఎడమ చెయ్యి పట్టుకుంది. వేలికి ప్లాస్టరు ఉంది. "ఇదేంటి?" అంది. "వెల్డింగు రవ్వ పడిందిలే" అన్నాడాయన. ఆమె ఆ చేతిని వదల్లేదు. మాట్లాడుతూనే ఆయన చూపుడువేలి కొసను తన బొటనవేలి గోరుతో నొక్కింది. ఇంకా గట్టిగా నొక్కింది. గోటిగుర్తు ఎర్రగా దిగింది.

"పసుపు గుడ్డ గదమ్మా, నీకు కళ్లు బాగా కనపడతాయి, కాస్త చూడు" అంటున్నాడు జీవరత్నం. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కనీసం అటు చూడలేదు.

వార్డులో అయితే జయకుమారి కేస్ షీటులో రాసేసి పక్క మంచానికి వెళ్లేది. ఇక్కడ రాయడానికీ ఏమీ లేదు, వెళ్లడానికీ ఇంకో మంచం లేదు. ఆ చేతిని మెల్లగా వదిలేసింది.

అప్పుడే బయట కారు ఆగింది. వానలో గొడుగు తెరిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అరుంధతి గారు దిగారు. ఆవిడ కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి. మాట నెమ్మది, మనసు మెత్తన. షెడ్డు మధ్యలో ఉన్న పాత ఫియటు ఆవిడదే. డ్రైవింగు నేర్చుకున్నది ఆ బండి మీదే. తిరిగి దానికి పెసరపచ్చ రంగు వేయించి, సొంతంగా నడుపుకుంటూ ఆఫీసుకు వెళ్లాలని ఆవిడ సరదా. ప్రస్తుతానికి బండి బూడిదరంగు ప్రైమరులో ఉంది. మామూలుగా అయస్కాంతం పరీక్ష అయ్యాకే ప్రైమరు. కానీ జులై వానల్లో బోసిరేకు తెల్లారేసరికి తుప్పు పడుతుందని యేసుకుమార్ ముందే కొట్టేశాడు. తండ్రి రెండు రోజులు సణిగాడు గానీ, కొడుకు చెప్పింది అబద్ధం కాదు గనక ఊరుకున్నాడు.

"జీవరత్నం గారూ, మా ఆఫీసులో ఫైలు కదలడమే గగనం. మీ దగ్గర బండి కదులుతుందంటే ఎంత సంతోషంగా ఉందో!" అన్నారు అరుంధతి.

"కదలడం కాదు మేడమ్ గారూ, పరిగెత్తిద్ది. ఒక్క నిమిషం, అయస్కాంతం దొరకట్లేదు..."

"మేడమ్, చాయ్ తీసుకోండి ముందు. ఇంజన్ చూస్తారా? ఇధర్ ఆయియే" అని యేసుకుమార్ ఆవిణ్ని ముందువైపుకు తీసుకెళ్లబోయాడు. ఎన్నడూ మాట్లాడని పిల్లాడికి ఇవాళ ఇంత మర్యాద ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు.

జయకుమారి మాత్రం వెతకడం మొదలుపెట్టింది. ఆమె లెక్క ఆమెది. ఇది దొరికి, ఈ తతంగం ముగిస్తే తండ్రి తనతో ఆసుపత్రికి వస్తాడు. బల్ల కింద చూసింది, పనిముట్ల పెట్టెలో చూసింది. గ్యాసు సిలిండరు వెనక, తమ్ముడి పాత చొక్కా ఉండ చుట్టి పడుంది. విప్పితే లోపల పసుపు ఫ్లానెల్ గుడ్డ కనిపించింది.

"దొరికింది డాడీ!" అంది.

యేసుకుమార్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. దీన్ని చొక్కాలో ఎందుకు చుట్టి పెట్టాడా అని జయకుమారికి క్షణం అనుమానం వచ్చింది. కానీ అప్పటికే తండ్రి దాన్ని అందుకుని, తుడిచి, రెండు చేతులతో అరుంధతి గారికి ఇచ్చేశాడు.

ఆవిడ చిన్నపిల్లలా సరదాపడ్డారు. బానెట్టు మీద పెడితే టక్కున పట్టుకుంది. తలుపు మీద టక్కు. టాపు మీద టక్కు. జీవరత్నం చేతులు వెనక్కి కట్టుకుని ఆవిడ వెంట నడుస్తున్నాడు. టక్కుమన్నప్పుడల్లా "ఊఁ" అంటున్నాడు. ఎడమవైపు వెనక మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి యేసుకుమార్ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"జరుగురా" అన్నాడు తండ్రి.

యేసుకుమార్ జరిగాడు. ఇంకేం చేస్తాడు?

అరుంధతి అయస్కాంతాన్ని ఆనించి వదిలారు. అది ఒక్క లిప్త అక్కడే ఉండి, నెమ్మదిగా జారి, నేల మీద పడింది.

"అయ్యో, నేనే సరిగ్గా పెట్టలేదు" అని నవ్వుతూ వంగి తీసి, మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది. ఈసారి ఆవిడ నవ్వలేదు. జీవరత్నం వంగి దాన్ని తీసుకుని, గుడ్డ దులిపి, తనే పెట్టాడు. మడ్‌గార్డు వంపు మీద, చక్రానికి పైన, తను రోజుల తరబడి సుత్తి ఆడించిన చోట. చెయ్యి తియ్యగానే జారింది.

జీవరత్నం జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ప్రైమరు మీద గీకాడు. బూడిదరంగు కింద గులాబీరంగు పొడి రాలింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి, మొహం దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఎవుడు పెట్టాడు ఇది?"

అడగాల్సిన ప్రశ్న కాదది. ఆ షెడ్డులో పని చేసేది ఇద్దరే.

"నేనే డాడీ" అన్నాడు యేసుకుమార్.

"ఎందుకు?"

యేసుకుమార్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నిజం నాలిక చివరనే ఉంది. 'మీరు సాపుగా ఉందన్న రేకు సాపుగా లేదు డాడీ' అంటే సరిపోతుంది. కానీ ఆ ఒక్క మాటతో తండ్రి చేతులు నరికినంత పని అవుతుంది. చెప్పకపోతే తను దొంగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తండ్రిని గోతిలోకి తొయ్యలేక కొడుకు నూతిలో దూకాడు.

"వెల్డింగ్ చేసేటప్పుడు వేడి ఎక్కువై రేకు గుంట పడింది. నా వల్లే. మీకు చెబితే తిడతారని పుట్టీ పెట్టేశా. గల్తీ హో గయీ."

"అబద్ధం" అన్నాడు జీవరత్నం. గొంతు పెంచలేదు. "నీ వెల్డింగు అయినాకే గదరా నేను సుత్తి పట్టింది. నా చేత్తో తడిమి చూశాను. అద్దంలా ఉంది. అద్దంలా ఉన్న రేకు మీద పిచ్చోడు కూడా పుట్టీ పెట్టడు."

"డాడీ, గీకొద్దు, ప్లీజ్."

జీవరత్నం గీకాడు. స్క్రూడ్రైవరు పారేసి వెడల్పాటి రేకుముక్కతో గీకాడు. పుట్టీ పెళ్లలు పెళ్లలుగా ఊడింది. కింద ఇనుము బయటపడింది. చారెడంత, లోతైన గుంట. దాని చుట్టూ సుత్తి దెబ్బలు, అవసరం లేనిచోట పడ్డ దెబ్బలు, రేకును సాగదీసి వదులు చేసేసిన దెబ్బలు. ఆ దెబ్బలు ఎవరి సుత్తివో ఎవరూ చెప్పక్కర్లేదు.

జీవరత్నం దాన్ని చాలాసేపు చూశాడు. నిజం ఎదురుగా నిలబడ్డా, మనిషి పక్కనుంచి తప్పించుకుపోయే సందు కోసమే వెతుకుతాడు. ఆయనకూ ఒక సందు దొరికింది.

"నేను చూసినాక దీన్ని దేనికో గుద్దావు. కప్పెట్టడానికి ఇదంతా చేశావు. అంతే గదా?"

యేసుకుమార్ కన్నార్పకుండా తండ్రినే చూశాడు. "హా డాడీ. అంతే."

"నా పేరు చెప్పుకుని అన్నం తింటా, ఆ పేరుకే పుట్టీ పూశావు! మీ అమ్మ పోయేటప్పుడు నిన్ను నా చేతుల్లో పెట్టిందిరా. ఈ చేతుల్లో! పనోడివవుతావని పెట్టింది, దొంగవవుతావని కాదు. బయటికి పో. నా షెడ్డులో కనపడమాక."

"పోనీండి జీవరత్నం గారూ" అరుంధతి కల్పించుకున్నారు. ఆవిడకు ఇదంతా బాధగా ఉంది, తన సరదా వల్లే ఇదంతా జరిగిందని బిడియంగా కూడా ఉంది. "నాకేం పట్టింపు లేదండీ. పుట్టీ ఉన్నా ఫరవాలేదు. పైన రంగు వేస్తే కనపడదు కదా."

ఓదార్చడానికి వచ్చిన మనిషి అనకూడని మాట ఏదైనా ఉంటే, సరిగ్గా అదే అన్నారావిడ.

"కనపడదనే గదా మేడమ్ గారూ అందరూ పెట్టేది" అన్నాడు జీవరత్నం. "మీరు కూచోండి. మీ కళ్ల ముందే తీస్తాను ఈ సొట్ట. అయినాక మళ్లీ అయస్కాంతం మీ చేతికే ఇస్తాను."

ఆయన మూలకు వెళ్లి గ్యాసు మంట సరంజామా సిద్ధం చేసుకుంటుంటే, జయకుమారి తమ్ముణ్ని షెడ్డు తలుపు దగ్గర పట్టుకుంది.

"నువ్వు దాన్ని దేనికీ గుద్దలేదు."

యేసుకుమార్ వాన వంక చూస్తున్నాడు.

"యేసూ, డాడీ చేతులు పోయాయి. నాకు తెలుసు. ఇప్పుడే గోరుతో నొక్కి చూశాను."

అతను చప్పున తిరిగాడు. కళ్లలో నీళ్లు నిండాయి. ఇన్నాళ్లూ ఒక్కడే మోసిన బరువుకు ఇంకో భుజం దొరికినందుకు సంతోషించాలో, ఆ బరువు నిజమేనని తేలినందుకు ఏడవాలో తెలీని మొహం అది. "రేకు ఇంకా ఎత్తుగా ఉంటే సాపుగా ఉందంటారు దీదీ. సాపుగా ఉంటే ఎత్తుగా ఉందని కొడతారు. కొడుతూనే ఉంటారు. నేనేం చెయ్యను?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తావు. డాక్టర్ డాడీతో చెప్పేస్తాడు. ఆ రోజే డాడీ సుత్తి కింద పెట్టేస్తారు. ఫిర్ క్యా బచేగా? ఇంకేం మిగుల్తుంది ఆయనకు? పల్చగా పూస్తే అయస్కాంతం పట్టేస్తుంది దీదీ. ఈసారి గుంట లోతు, అందుకే..."

"ఈసారా? ఈసారంటే?"

టప్పుమని గ్యాసు అంటుకుంది. ఇద్దరూ అటు తిరిగారు.

జీవరత్నం సన్నటి నీలిమంటతో గుంట అంచులను కాలుస్తున్నాడు. సాగిన రేకును దగ్గరికి తేవాలంటే అదే పద్ధతి. మచ్చమచ్చగా ఎర్రగా కాల్చి, చుట్టూ సుత్తితో తట్టి, తడిగుడ్డతో చల్లార్చాలి. మంట పక్కన పెట్టి, వెనక నుంచి దిమ్మె ఆనించి, సుత్తి అందుకున్నాడు. టక్ టక్ టక్. చెయ్యి లయ తప్పలేదు. చూసేవాళ్లకు ఆ పని ఇప్పటికీ అందంగానే ఉంది. అరుంధతి కూడా కొంచెం తేరుకుని, ముందుకు వంగి చూస్తున్నారు. జయకుమారికి ఒక్క క్షణం ఆశ కూడా కలిగింది. ఇన్నేళ్ల అలవాటే ఆ చేతుల్ని నడిపిస్తుందేమో అనుకుంది.

సుత్తి ఆపి, జీవరత్నం కళ్లు మూసుకున్నాడు.

కాలిన రేకు మీద చెయ్యి ఎప్పుడు వెయ్యాలో డెంటరుకు ఎవరూ చెప్పరు. అరచెయ్యి దగ్గరికి వెళ్తుంటేనే సెగ తగులుతుంది. ఆగమంటే ఆగుతాడు, రమ్మంటే ఆనిస్తాడు. జీవితమంతా జీవరత్నానికి ఆ కబురు చెప్పింది ఆయన అరచెయ్యే. అందుకే ఆయన ఎన్నడూ తడిగుడ్డ వేశానా లేదా అని కళ్లతో చూసుకోలేదు. ఇవాళ కోపంలో తడిగుడ్డ బకెట్లోనే ఉండిపోయింది. అరచెయ్యి ఆయనకు ఏ కబురూ చెప్పలేదు.

ఎడమ అరచెయ్యి రేకు మీద పరుచుకుంది.

"ఇదిగో మేడమ్ గారూ" అన్నాడు కళ్లు మూసుకునే. మొహంలో పాత ధీమా తిరిగి వచ్చింది. "ఇప్పుడు అద్దంలా ఉంది. మీరు కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి."

చుంయ్‌మన్న చప్పుడు వినిపించింది. కమురు వాసన వచ్చింది. అరుంధతి లేచి నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. జీవరత్నం మాత్రం చేతిని అటూ ఇటూ తిప్పుతూ, ఆ వంపును నిమురుతూనే ఉన్నాడు.

జయకుమారి పరుగున వెళ్లి ఆ చెయ్యి లాగేసింది. లాగిన చోట చర్మం కొంత రేకుకే ఉండిపోయింది.

"ఏందమ్మా..." అంటూ ఆయన కళ్లు తెరిచాడు. ముందు కూతురి మొహం చూశాడు, తర్వాత అరుంధతి గారి మొహం, తర్వాత కొడుకు మొహం. అందరూ దేన్ని చూస్తున్నారో ఆఖరున తనూ దాన్ని చూశాడు.

అరవలేదు. అరిస్తే ఎంత బాగుండేదని జయకుమారికి అనిపించింది. చెయ్యి కాలినవాడు కేకపెట్టాలి, తిట్టాలి, గంతులెయ్యాలి. ఈయన తన అరచేతిని పక్కవాడి చెయ్యి చూసినట్టు చూస్తున్నాడు. ఆమె బకెట్టు దగ్గర కూచోబెట్టి, శుభ్రమైన నీళ్లు మగ్గుతో ధారగా పోస్తోంది. నర్సుగా ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు, చేస్తోంది. కూతురిగా ఏం చెయ్యాలో మాత్రం తెలియడం లేదు.

"నొప్పి ఉందా డాడీ?" అని అడిగింది. లేదంటాడని తెలిసే అడిగింది.

ఆయన రేకు వంక చూస్తున్నాడు. గుంట అక్కడే ఉంది. కొంచెం పక్కకు జరిగింది, అంతే. కళ్లకు కనపడుతోంది. ఇంతకాలం నమ్మని కళ్లకు.

"యేసూ, ఇలా రా."

యేసుకుమార్ వచ్చి తండ్రి ఎదుట నేల మీద గొంతుక్కూచున్నాడు. తిట్టినా కొట్టినా పడదామన్నట్టు తల వంచాడు. జీవరత్నం కుడిచేత్తో వాడి గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"ఏ బండి నుంచిరా?"

చేతి సంగతి అడగలేదాయన. ఎందుకు దాచావని అడగలేదు. తిట్టినందుకు బాధపడ్డావా అనీ అడగలేదు. ఏ బండి నుంచి అని అడిగాడు.

యేసుకుమార్ కళ్లు తండ్రి భుజం మీదుగా గోడ వైపుకు వెళ్లాయి. జీవరత్నం ఆ చూపు వెంటే తల తిప్పాడు. తెల్ల అంబాసిడరు, కప్పు పట్టుకుని తను.

"జనార్దనరావు గారి చేతికి నేనే ఇచ్చాను గదరా అయస్కాంతం. పట్టింది గదా!"

"పల్చగా పూశాను డాడీ."

"ఆయనకు మాటిచ్చాను."

"నాకు తెలుసు డాడీ. మాఫ్ కర్ దో. డాడీ, మాఫ్ కర్ దో..." యేసుకుమార్ తండ్రి మోకాలి మీద తల పెట్టి భోరుమన్నాడు. జీవరత్నం కుడిచెయ్యి వాడి తల మీద పడింది. ఆ జుట్టు తడిగా ఉందో పొడిగా ఉందో ఆయనకు తెలిసిందో లేదో. దొంగ అని నోరారా అన్న కొడుకే ఇన్నాళ్లూ తన పేరును మోశాడని మాత్రం తెలిసింది. ఆ మోసింది దొంగసొమ్మేనని కూడా తెలిసింది. కొడుకును క్షమించడం ఎంత తేలికో, తనను తాను క్షమించుకోవడం అంత కష్టంగా ఉంది.

"జయమ్మా" అన్నాడు కాసేపటికి. "జనార్దనరావు గారి నంబరు నా ఫోన్లో ఉంటది. కలుపు."

"డాడీ, ముందు ఆసుపత్రికి పోదాం. ఈ కాలిన చెయ్యి..."

"చెయ్యి ఎక్కడికీ పోదులే, పోయేది ఎప్పుడో పోయింది. కలుపు."

ఆమె అరుంధతి గారి వంక చూసింది. తన మాటతో ఎంతోమందిని నడిపించే ఆ అధికారి ఏమీ చెయ్యలేక తల దించుకున్నారు. జయకుమారి ఒక చేత్తో నీళ్లు పోస్తూనే, రెండో చేత్తో ఆయన ఫోను తీసి, స్పీకర్లో పెట్టి కలిపింది. మొదటి రింగుకే అవతల ఎత్తారు.

"నూరేళ్లాయుష్షు జీవరత్నం గారూ!" జనార్దనరావు గొంతు షెడ్డంతా వినిపించింది. వెనక ఎవరివో నవ్వులు. "ఇప్పుడే మీ పేరు చెబుతున్నాను. మన అంబాసిడరు కొంటామని జైపూర్ నుంచి మనుషులొచ్చారు. అయస్కాంతం పెట్టి చూపించాను, పట్టింది. అయినా పూత మందం కొలిచే మిషన్ తెచ్చి చూపిస్తామంటున్నారు. మా మేస్త్రీ మాటకంటే మీ మిషన్ గొప్పా అని నేనంటున్నాను. ఫోను స్పీకర్లో పెట్టాను. ఇందులో పుట్టీ లేదని మీరు ఒక్క మాట చెప్పండి, వాళ్లకదే చాలంట!"

యేసుకుమార్ తల ఎత్తాడు. జయకుమారి చేతిలోని మగ్గు ఆగిపోయింది. నిజం చెబితే, పుట్టీ పూసింది ఎవరని జనార్దనరావు మొదట అడుగుతాడు. అబద్ధం చెబితే, అది జీవరత్నం నోటి నుంచి వచ్చిన మొదటి పుట్టీ అవుతుంది.

"హలో? వినపడుతోందా? చెప్పండి, అందరూ వింటున్నారు!"

జీవరత్నం ఫోను అందుకోబోయాడు. కాలిన ఎడమచెయ్యే ముందుకొచ్చింది. దాన్ని చూసుకుని, వెనక్కి తీసుకుని, కుడిచేత్తో పట్టుకున్నాడు.

"బాబుగారూ..." అన్నాడు.